మావయ్యకి కాదని చెప్పిన దేశం

మొన్న జూన్‌లో నా స్థానంలో చేరిన అమ్మాయి ఫోన్ చేసింది. చురుకైన పిల్ల, బాగా చదువుకున్న పిల్ల, గొంతులో మాత్రం బెరుకు. "మేడం, అంతర్జాతీయ సంబంధాల పేపర్ నాకే ఇచ్చారు. అధికారం, విదేశాంగ విధానం, జాతీయ ప్రయోజనం... నర్సీపట్నంలో పిల్లలకి ఇవన్నీ ఎక్కుతాయంటారా?" అంది.

ఎక్కుతాయా అంటే! నేను మొదలుపెట్టాను. స్టౌ మీద పాలు పొంగిపోయాయి, చెవి దగ్గర ఫోన్ వేడెక్కిపోయింది, నేను ఆపలేదు. చివరికి ఆ అమ్మాయే "మేడం, ఇదంతా కాస్త రాసిస్తారా?" అని బతిమాలింది. అది నా మీద గౌరవంతో అన్నదో, ఫోన్ పెట్టించడానికి అన్నదో నేను ఆరా తీయలేదు. రాస్తున్నాను.

నా పేరు సుగుణ. మా నాన్న మిషన్ స్కూల్లో టీచరు, నేను ఈ ఊళ్ళోనే ఒక డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇంక్రిమెంట్ల సంగతి, ఫైళ్ళ సంగతి ఆఫీసులో ఎవరైనా చెబుతారు. ఈ సబ్జెక్టు పిల్లల కళ్ళల్లో ఎప్పుడు వెలుగుతుందో మాత్రం నేను చెప్పగలను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే కుర్చీలో కుదురుగా కూర్చోలేను.

నోట్సు చెప్పిన రోజులు

చేరిన కొత్తలో నేను పవర్‌కి నిర్వచనం డిక్టేట్ చేసేదాన్ని. "ఇతరుల ప్రవర్తనను తన ఇష్టానుసారం ప్రభావితం చేయగల సామర్థ్యమే అధికారం. రాశారా? ఫుల్‌స్టాప్." పిల్లలు ఫుల్‌స్టాప్ దాకా బుద్ధిగా రాసేవారు. చెరకు ట్రాక్టరు రోడ్డు మీద వెళ్తే అందరి తలలూ కిటికీ వైపు తిరిగేవి. నాకు ఒళ్ళు మండేది. ప్రపంచాన్ని నడిపే సంగతి నేను చెబుతుంటే వీళ్ళకి చెరకు లోడు ఎక్కువైపోయిందా అనుకునేదాన్ని.

నిజానికి ఆ నిర్వచనం స్టాఫ్ రూంలో రోజూ నా కళ్ళ ముందే తిరుగుతూ ఉండేది. మా మొదటి ప్రిన్సిపాల్ గొంతు పెంచగా నేను వినలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేవారు, అంతే, గదిలో ఫ్యాన్ చప్పుడు వినిపించేది. ఆయన తరవాత వచ్చినాయన రోజూ "మెమో ఇస్తాను" అని అరిచేవారు. ఒక్క మెమో ఇచ్చిన పాపాన పోలేదు. కొన్నాళ్ళకి ఆయన అరుస్తుంటే మేం సమోసాలు పంచుకునేవాళ్ళం. బెదిరింపుకి విలువ ఎక్కడినుంచి వస్తుందో, ఎలా పోతుందో చెప్పడానికి నాకు అణుబాంబుల కథ అవసరం లేకపోయింది. ఈ ఇద్దరి పేర్లు మార్చి క్లాసులో చెప్పాను. ట్రాక్టరు వెళ్ళింది, ఒక్క తల తిరగలేదు! ఆ రోజు ఇంటికి దాదాపు పరుగెత్తుకుంటూ వెళ్ళాను.

పేపర్ పోతుందన్న కబురు

చాలా ఏళ్ళ తరవాత మాకు ప్రసాదరావు గారు ప్రిన్సిపాల్‌గా వచ్చారు. నాకంటే చిన్నవాడు, మంచివాడు, మహా గడుసువాడు. మొదటి రోజు నుంచే నన్ను "అక్కయ్య గారూ" అన్నారు. ఆ పిలుపు వెనకాల ఏదో ఒక డ్యూటీ ఉండేది. ఆదివారం పరీక్ష ఉంటే "అక్కయ్య గారూ, మీరుంటే నాకు ధైర్యం" అనేవారు. నేను చర్చి మానుకుని వెళ్ళి ఇన్విజిలేషన్ చేసేదాన్ని. ఆయన వరస కలుపుతుంటే నేను మాత్రం పంతంగా "సార్" అనే పిలిచేదాన్ని.

ఆయన వచ్చిన కొన్నేళ్ళకి ఒకరోజు స్టాఫ్ మీటింగ్‌లో ఆయన తేల్చి చెప్పేశారు. వచ్చే ఏడాది నుంచి అంతర్జాతీయ సంబంధాల పేపర్ ఉండదు, ఆ గంటల్లో కంప్యూటర్ పేపర్ పెడతారు. "మన పిల్లలకి అమెరికా, చైనా గొడవలు ఎందుకక్కా? ఉద్యోగం వస్తాదేటి?"

ఆ పేపర్ నాకు జీతంలో భాగం కాదు, నేను పొద్దున్నే లేచి చీర కట్టుకుని కాలేజీకి బయల్దేరడానికి కారణమే అది. అది పోతే మిగతా పాఠాలు చెబుతాను గానీ, నాలో టీచరు ఉండదు. అందుకని అందరి ముందే లేచి, "సార్, ఒక్కసారి నా క్లాసుకి వచ్చి కూర్చోండి. అప్పటికీ దండగనిపిస్తే, తీసెయ్యమని నేనే సంతకం పెడతాను" అన్నాను. ఆయన నవ్వి, "నెలాఖరులో వస్తానక్కా" అన్నారు.

కుర్చీ ఎవరికి వేశాం?

పిల్లలతో దేశాల ఆట ఆడించాలనుకున్నాను. ఒక నది. పైన ఒక దేశం, కింద ఒక దేశం. పై దేశానికి సైన్యం ఉంది, డబ్బుంది, నది మీద ఆనకట్ట ఉంది. కింది దేశానికి పొలాలున్నాయి, సముద్రం మీద ఒక రేవు ఉంది, నీళ్ళు మాత్రం పైవాళ్ళ దయ. మధ్యలో రెండు బెంచీలు ఎదురెదురుగా వేయించాను. నా తెలివికి నేనే మురిసిపోతున్నాను.

కొయ్యూరు కొండల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సత్యవతి వెనక బెంచీలోంచి లేచింది. నెలకి ఒక్కసారి నోరు విప్పే పిల్ల.

"మేడం, ఈ నది ఎక్కడ పుట్టిందండి?"

"కొండల్లో పుట్టిందనుకో."

"మరి కొండలోళ్ళకి బెంచీ ఎయ్యలేదేటండి?"

క్లాసంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. పాఠ్యపుస్తకం అధికారాన్ని సైన్యంతోనూ సంపదతోనూ కొలుస్తుంది. బల్ల దగ్గర ఎవరు కూర్చోవాలి, ఏ విషయం మాట్లాడాలి అన్నది నిర్ణయించేవాడి చేతిలో అంతకంటే పెద్ద అధికారం ఉంటుంది. ఆ క్లాసులో ఆ పెద్ద అధికారం నాది, నాకే తెలియకుండా దాన్ని వాడేశాను. మూడో బెంచీ వేయించాం. సత్యవతి కొండ దేశానికి ప్రధాని అయింది.

సరే మావయ్యా

పై దేశానికి ప్రధాని అప్పలరాజు. మధ్యలో చదువు ఆపి, చెరకు పని చేసి, మళ్ళీ చేరినవాడు. మిగతావాళ్ళకంటే వయసులో పెద్ద, మాటకారి. కింది దేశానికి ప్రధాని ఈశ్వరి, క్లాసులో ఫస్టు వచ్చే పిల్ల. నా ఆశంతా ఆ పిల్ల మీదే. ఇద్దరిదీ గొలుగొండ వైపు ఒకే ఊరు. ఆ సంగతి నాకు తెలుసు. అంతకు మించి ఏదో ఉంటుందని నాకు తట్టలేదు.

రిహార్సల్ మొదలైంది. టీలు తెప్పించాను. అప్పలరాజు గ్లాసు ఊదుకుంటూ అన్నాడు.

"ఇదిగో ఈశ్వరీ, నీళ్ళు మా చెరకు తడిసీక వదుల్తాం. మిగిల్తే మీకు. సరేనా?"

"సరే మావయ్యా" అంది ఈశ్వరి.

అయిపోయింది. శిఖరాగ్ర సమావేశం ముగిసింది. టీ ఇంకా చల్లారలేదు.

నేను మండిపడ్డాను. "ఏమిటమ్మా ఇది? నీ దేశం ఎండిపోతుంది కదా! రేవు ఉంది కదా నీకు, దాని మాటే ఎత్తలేదేం?"

"తెలుసండి మేడం. కానీ మావయ్య కదండి. మాయమ్మకి పెదనాన్న కొడుకండి. అందరి ముందూ కాదంటే ఏటి బాగుంటాదండి?"

అప్పలరాజు చేతులు చాచాడు. "నాను బలవంతం సెయ్యలేదండీ. అదే ఒప్పీసుకుంది."

అబ్బాయీ, నీ నోట్లో చక్కెర పొయ్యాలి! అధికారం గురించి అంతకంటే గొప్ప మాట ఎవరంటారు? కత్తి చూపించలేదు, డబ్బు చూపించలేదు, అవతలివాళ్ళే ఒప్పేసుకున్నారు. కానీ ఆ వేళ నేను అది ఆస్వాదించే స్థితిలో లేను. ప్రిన్సిపాల్ గారి ముందు "సరే మావయ్యా" అంటే నా పేపర్ గంగలో కలిసిపోతుంది. అదే నా భయం.

నిషేధం, దాని ఫలితం

మర్నాడు నేను ఆర్డరు వేశాను. ఈ గదిలో మావయ్యలు లేరు, కోడళ్ళు లేరు. "గౌరవనీయ ప్రధాని గారూ" అని పిలుచుకోవాలి. దేశాలకి చుట్టరికాలుండవు, ప్రయోజనాలే ఉంటాయి. చాలా గొప్పగా చెప్పాననుకున్నాను.

ఈశ్వరి లేచింది. "గౌరవనీయ ప్రధాని గారూ" అంది, ఆగిపోయింది. మళ్ళీ "గౌరవనీయ" అంది. పిల్లలు కిసుక్కుమన్నారు. అప్పలరాజు ముఖం మాడ్చుకున్నాడు. "నన్ను ఎవులో పరాయోణ్ణి పిలిసినట్టు పిలుత్తుంది" అని బెంచీ వదిలి బయటికి వెళ్ళిపోయాడు. చర్చలు విఫలం.

అంతటితో పోలేదు. రెండ్రోజులకి ఈశ్వరి వాళ్ళమ్మ ఫోన్ చేసింది.

"మేడం గారూ, ఇదేటి సదువండీ? మా తమ్ముడు మా గుమ్మం తొక్కడం మానీసాడు. నీ కూతురు నన్ను గారూ అనీసింది అంటన్నాడు."

నాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. అసలు పొరపాటు ఎక్కడుందో అప్పుడు తెలిసింది. ఆ పిల్లలకి ఒకరితో ఒకరు మాట్లాడుకునే దారే వరస. నేను ఆ దారి మూసేసి, ఇక మాట్లాడండి అంటున్నాను. దేశాలూ అంతే. ఒకరిని ఒకరు అన్నదమ్ములమని, పాత మిత్రులమని పిలుచుకుంటారు. అవి ఉత్త పలకరింపులని మనం కొట్టిపారేస్తాం. ఆ పలకరింపుల్లోనే ఎవరు పెద్ద, ఎవరు చిన్న, ఎవరు ఎవరికి ఏం బాకీ అన్నదంతా ఉంటుంది.

మర్నాడు నిషేధం ఎత్తేశాను. "మీ ఇష్టమొచ్చినట్టు పిలుచుకోండి. కానీ ఈశ్వరీ, నీ దేశానికి నీళ్ళు రావాలి."

"మావయ్యని కాదనకుండా ఎలాగండి?"

"నాకూ తెలియదమ్మా, నువ్వే ఆలోచించుకో" అన్నాను. అది నిజం. నాకు నిజంగానే తెలియదు.

ప్రసాదరావు గారు వచ్చిన రోజు

ఆయన వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు, చేతిలో ఫోన్. ముందు కాసేపు దాన్నే చూసుకున్నారు. పెళ్ళిచూపుల నాడు కూడా నేనంత కంగారు పడలేదు.

అప్పలరాజు దర్జాగా మొదలుపెట్టాడు. "ఆనకట్ట మాది. కట్టింది మేం. నీళ్ళు ఎప్పుడు వదలాలో మా ఇష్టం."

ఈశ్వరి లేచి నించుంది. "మావయ్యా" అంది.

నేను కళ్ళు మూసుకున్నాను. అయిపోయింది, పేపర్ పోయింది అనుకున్నాను.

"మావయ్యా, రేపు నా పెళ్ళిలో నన్ను బుట్టలో కూర్సోబెట్టి మండపానికి మోసుకెళ్ళేది ఎవులు?"

అప్పలరాజు ఛాతీ విరుచుకున్నాడు. "నానే. ఇంకెవులు మోస్తారు?"

"అలాటి మావయ్యవి, ఈయేళ నా పొలంలో నీళ్ళు మోసుకుపోతానంటావేటి? మేనకోడలికి పెట్టే మావయ్యని సూసేను గానీ, మేనకోడలి కాడ లాక్కునే మావయ్యని సూణ్ణేదు. ఊళ్ళో ఏటనుకుంటారు?"

క్లాసు గోలగోల అయిపోయింది. బల్లలు చరుస్తున్నారు. వెనక బెంచీలో ఫోన్ జేబులోకి వెళ్ళిపోయింది. నాకైతే గెంతాలనిపించింది. ఆ పిల్ల అక్కడితో ఆగలేదు.

"నాను నిన్ను కాదనట్లేదు మావయ్యా. పెద్దోడివి, ఆనకట్ట నీదే. కానీ నీ బెల్లం సముద్రం దాటాలంటే నా రేవు మీంచే ఎల్లాలి. కోడల్ని కాబట్టి దారి ఇస్తాను. మావయ్యవి కాబట్టి నారు పోసే ఏళకి నీళ్ళు నువ్వియ్యి."

అప్పలరాజు తల గోక్కున్నాడు. వెనకనుంచి వాళ్ళ మంత్రివర్గం "మావయ్యా అనగానే కరిగిపోతావేటి" అని గొణుగుతోంది. సత్యవతి తన బెంచీ మీంచి "ఇద్దరూ సంబరపడిపోకండి. నీళ్ళు మా కొండ దిగి రావాల. మా అడివి నరకమని ముందు రాసీండి" అంది. అదీ రాశారు. ఒప్పందం మీద మూడు సంతకాలు పడ్డాయి.

కొత్తగా వచ్చే టీచర్లూ, ఆ గంటలో ఏం జరిగిందో ఒకసారి చూడండి. ఈశ్వరికి సైన్యం లేదు. ఉన్నదల్లా అవతలివాడి పెద్దరికం. దాన్నే పట్టుకుంది. నువ్వు పెద్దవాడివని ఒప్పుకుంటూ, పెద్దవాడు చెయ్యకూడని పని ఇది అని అతని కాళ్ళకి బంధం వేసింది. తరవాత రేవు చూపించింది, ఒకరి అవసరం ఒకరికి ఉందని గుర్తు చేసింది. అన్నిటికంటే ముఖ్యం, పదిమంది ముందు అతని ముఖం చిన్నబోకుండా దిగడానికి మెట్లు వేసింది. అతను ఓడిపోయి ఇవ్వలేదు, మావయ్యగా ఇచ్చాడు. దీన్నే దౌత్యం అంటారు. టీవీలో అరిచేవాళ్ళది విదేశాంగ విధానం అని పిల్లలు అనుకుంటున్నారు, మీరు అనుకోనివ్వకండి. మేకపోతు గాంభీర్యానికీ అధికారానికీ తేడా తెలియని పిల్లాడు మన క్లాసు దాటకూడదు.

ఆడపడుచు

క్లాసయ్యాక ప్రిన్సిపాల్ గదికి వెళ్ళాను. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నారు. "భలే ఉందక్కా! ఆ బుట్ట మాట అదిరింది." తరవాత ముఖం మారింది. "కానీ స్టాఫ్ మీటింగ్‌లో అందరి ముందూ చెప్పేశాను కదా. ఇప్పుడు వెనక్కి తగ్గితే నా మాటకి విలువేముంటుంది?"

నా దగ్గర వాదనలు చాలా ఉన్నాయి. సిలబస్ గురించి, పోటీ పరీక్షల గురించి. ఒకటి మొదలుపెట్టబోయి ఆగాను. ఈయన పేపర్‌ని వద్దనుకోవడం లేదు. దిగడానికి మెట్లు లేవు, అంతే. ఇప్పుడే కదా నా స్టూడెంటు చూపించింది!

"తమ్ముడూ" అన్నాను.

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. అన్నేళ్ళలో ఆ మాట నా నోట ఆయన వినలేదు.

"నన్ను ఇన్నేళ్ళు అక్కా అన్నారు. ఆ ఒక్క పిలుపుకి నేను ఎన్ని ఆదివారాలు వదులుకున్నానో మీకు తెలుసు. మా అన్నయ్య క్రిస్మస్‌కి వెళ్తే చీర పెట్టకుండా నన్ను ఎప్పుడూ పంపలేదు. మరి మీ ఇంట్లో ఆడపడుచు గుమ్మంలోకి వచ్చి ఒకటి అడిగితే ఉత్త చేతుల్తో పంపించేస్తారేటి?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలి పగలబడి నవ్వారు. "అమ్మ అక్కా! ఈ ఆయుధం ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు?"

"నా పేపర్ తీసెయ్యొద్దు. కంప్యూటర్ పేపర్ నా గంటల్లోనే పెట్టుకోండి, నా గది కూడా తీసుకోండి. నేను మధ్యాహ్నం ఆ చివరి రేకుల గదిలో చెప్పుకుంటాను. మీరు అన్న మాట నిలబడుతుంది, నా పేపరూ నిలబడుతుంది."

ఆయన తలూపారు. నేను గుమ్మం దాటుతుండగా వెనకనుంచి పిలుపు. "అక్కయ్య గారూ! ఈసారి ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు కూడా మీరే చూసుకోవాలి." ఒప్పందం అంటే ఇచ్చిపుచ్చుకోవడమే. ఎండాకాలం రేకుల కింద ఉడికిపోతూ, వర్షాకాలం ఆ చప్పుడు మీంచి అరుస్తూ రిటైరయ్యే దాకా అక్కడే పాఠం చెప్పాను. అంత సంతోషంగా నేను ఏ గదిలోనూ పని చెయ్యలేదు.

బుట్ట

రిటైరయ్యాక ఈశ్వరి పెళ్ళికి వెళ్ళాను. ప్రసాదరావు గారు కూడా వచ్చారు, నా పక్కనే నించున్నారు. సన్నాయి మోగుతోంది. పెళ్ళికూతురు కూర్చున్న వెదురు బుట్ట ఎత్తుకుని ఇద్దరు మేనమామలు బయల్దేరారు. ముందు అప్పలరాజు. చెమటలు కారుతున్నాయి, పంచె జారుతోంది. మా ముందుకి రాగానే ఆగిపోయాడు.

"మేడం గారూ! ఈ కింది దేశం బాగా బరువెక్కిపోనాదండి! ఇక్కడ దించీమంటారా?"

బుట్టలోంచి బాసికం సర్దుకుంటూ ఈశ్వరి తల పైకెత్తింది. "మాట తప్పకు మావయ్యా! సంతకం పెట్టినోడివి. బేగి నడు, సాక్షులు సూస్తన్నారు!"

పందిరంతా నవ్వింది. ఎందుకు నవ్వుతున్నామో మా నలుగురికీ, ఆ చివర నించుని చెయ్యి ఊపుతున్న సత్యవతికీ తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ప్రసాదరావు గారు నా చెవి దగ్గరికి వంగి, "అక్కా, ఆ పేపర్ తీసేసి ఉంటే ఇక్కడ నేను ఈ నవ్వు అర్థంకాక ఊరికే నించునేవాణ్ణి" అన్నారు. నాకు కళ్ళు చెమర్చాయి. ఆనందంతోనే.

అందుకని అమ్మా, నువ్వు ఫోన్‌లో అడిగినదానికి నా జవాబు ఇది. రేపు క్లాసులోకి వెళ్ళగానే పవర్‌కి నిర్వచనం బోర్డు మీద రాయకు. ఈ గదిలో ఎవరికి ఎవరు ఏమవుతారో ముందు అడుగు. తరవాత బెంచీలు వెయ్యి. కొండ మీంచి వచ్చినవాళ్ళకి మొదటి బెంచీ వెయ్యి.